బొంతల సంఘంలో మా ఆవిడ ఉపన్యాసం

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, విషయం ఏమిటండీ అన్నాను. "మీరు అమెరికా వెళ్ళివచ్చారు గదా, ఆ విశేషాలు నాలుగు చెప్పండి" అన్నారు. ఈ హాలులో అమెరికా విశేషాలు చెప్పనివారు లేరు. నయాగరా జలపాతం మన సంఘంలో ఇప్పటికి కనీసం ఐదుసార్లు దూకింది. కాబట్టి దాని జోలికి పోను. అక్కడ నేను చూసిన ఒక సంఘం గురించి మాత్రం మనవి చేస్తాను. అది బొంతలు కుట్టుకునే ఆడవాళ్ళ సంఘం. వాళ్ళ భాషలో క్విల్టు గిల్డు. నెలనెలా బయటినుంచి ఒక వక్తను పిలిపించుకుని ఉపన్యాసం చెప్పించుకుంటారు. అలాంటివి ఎనిమిది విన్నాను. తొమ్మిదోది మా ఆవిడ చేసింది. దానికి అనువాదకుణ్ణి నేను. ఆవిడ మూడో వరసలో కూర్చునే ఉంది. నేనేమైనా మార్చి చెబితే లేచి దిద్దుతుంది. ఆ అలవాటు ఆవిడకు అక్కడే అయింది.

మా అమ్మాయి నెబ్రాస్కా రాష్ట్రంలో ఒమాహా అనే ఊళ్ళో ఉంటుంది. 2016లో దాని రెండో పురుడుకు మేమిద్దరం వెళ్ళాం. మా ఆవిడ సూట్‌కేసులో ఆవకాయ, కారప్పొడి, కాయం మందులతో పాటు నాలుగు పాత నేతచీరలు, నావి రెండు పంచెలు పెట్టింది. "అమెరికా వాళ్ళకు పాత బట్టలు తీసుకెళ్ళే మొదటి మనిషివి నువ్వే" అని ఎగతాళి చేశాను. ఆవిడ మాట్లాడలేదు. అక్కడికి వెళ్ళాక పసిదాన్ని పక్కన పడుకోబెట్టుకుని, కింద కూర్చుని, నెలరోజుల్లో ఒక బొంత కుట్టింది. ఒకనాడు ఎండ బాగా ఉందని వెనక వసారా కమ్మీ మీద ఆరేసింది. పక్కింటావిడ కంచె దగ్గర నిలబడి చాలాసేపు దానివంక చూసింది. ఆమె తపాలా శాఖలో ముప్పై ఏళ్ళు గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. అంటే మన బోటిదే. ఆ మరుసటి గురువారమే మా ఇద్దర్నీ తన కారులో ఎక్కించుకుని గిల్డు సమావేశానికి తీసుకుపోయింది.

ఒక చర్చి కింది అంతస్తు హాలు. మన హాలు కంటే కాస్త చిన్నది. ఎనభైమందికి పైగా ఆడవాళ్ళు, నేను కాక ఇద్దరు మగవాళ్ళు. అందరి రొమ్ము మీదా గుడ్డతో కుట్టిన పేరు బిళ్ళలు. బిళ్ళ మరిచిపోయి వచ్చినవారు డబ్బాలో పావలా డాలరు జుర్మానా వేయాలి. మన సంఘంలో కూడా పెడితే బాగుంటుందని అప్పుడే అనుకున్నాను. ఒకరి పేరు ఒకరికి గుర్తులేక "మాస్టారూ, మాస్టారూ" అని గడిపేస్తున్నాం గదా! సమయానికి మొదలైంది. కిందటి నెల మినిట్సు, జమా ఖర్చులు, ఆస్పత్రిలో పుట్టిన పసివాళ్ళకు, ఇళ్ళు కాలిపోయినవాళ్ళకు ఉచితంగా ఇవ్వడానికి ఈ నెల ఎన్ని బొంతలు తయారయ్యాయో లెక్క, అన్నీ ఇరవై నిమిషాల్లో ముగించారు. ఆ తరువాత ఉపన్యాసం. చివర్న ఒక్కొక్కరూ లేచి తాము కుట్టింది విప్పి చూపిస్తారు. అది బాగా సరదాగా ఉంటుంది.

క్విల్టు అంటే మన బొంతే. పైన ఒక గుడ్డ, లోపల దూది పొర, కింద మరో గుడ్డ, మూడూ కలిసి ఉండేలా పైనుంచి కిందికి కుట్టు. మన బొంత లోపల దూది ఉండదు, పాత చీరలే పొరలుగా ఉంటాయి. పైగుడ్డను వాళ్ళు రంగురంగుల ముక్కలతో అతుకుతారు. మన పేపర్లు ఏదైనా సంకీర్ణ ప్రభుత్వాన్ని తిట్టాలంటే అతుకుల బొంత అంటాయి. అక్కడ ఆ అతుకులకే బహుమతులు. రాష్ట్ర రాజధాని లింకన్‌లో, ఒమాహాకు గంట ప్రయాణం, విశ్వవిద్యాలయం వారు అచ్చంగా క్విల్టుల కోసం ఒక మ్యూజియం కట్టారు. 1997లో ఒక దంపతులు తమ దగ్గరున్న వెయ్యి దాకా క్విల్టులు విరాళమిస్తే సంస్థ మొదలైంది, 2008లో సొంత భవనం వచ్చింది. వేల సంఖ్యలో ఉన్నాయి. సింధు, గుజరాత్ ప్రాంతాల రల్లీలు కూడా ఉన్నాయి. బొంతల్ని చల్లటి గదుల్లో, తక్కువ వెలుతురులో కాపాడుతున్నారు. మా ఆవిడ అన్నీ చూసి బయటికి వచ్చి, "మనుషులు కప్పుకోవద్దూ?" అంది.

ఇక ఉపన్యాసాల ఏర్పాటు గురించి చెప్పాలి. నేను ముప్పై ఆరేళ్ళు రెవెన్యూ ఆఫీసుల్లో తపాలు చూసినవాణ్ణి, కనుక ఇది నన్ను బాగా ఆకర్షించింది. వక్తల వ్యవహారానికి విడిగా ఒకామె ఉంటుంది. ఆమె ఏడాది ముందుగానే పన్నెండు నెలలకూ వక్తల్ని ఖాయం చేస్తుంది. ఉత్తరం రాసి, ఒప్పందం కాగితం మీద ఇద్దరూ సంతకాలు చేస్తారు. ఉపన్యాసం ఎంతసేపు, పారితోషికం ఎంత, ప్రయాణ ఖర్చు ఎవరిది, విమానాశ్రయానికి ఎవరు వస్తారు, రాత్రి బస హోటల్లోనా సభ్యుల ఇంట్లోనా, ఇంట్లో అయితే పిల్లులున్నాయా, తెర కావాలా, బల్లలు ఎన్ని, అన్నీ అందులో ఉంటాయి. వక్త రెండు పెట్టెల నిండా క్విల్టులు తెచ్చుకుంటుంది. ఒక్కొక్కటీ ఇద్దరు మనుషులు తెల్లటి చేతి తొడుగులు వేసుకుని రెండు కొసలూ పట్టుకుని ఎత్తి చూపిస్తారు. మర్నాడు కావలసినవారికి రోజంతా పాఠం. దానికి తెచ్చుకోవలసిన సామాన్ల జాబితా నెలరోజుల ముందే వస్తుంది. ఇదంతా సభ్యుల చందాతో, చీటీలు తీసే లాటరీ డబ్బులతో నడుస్తుంది. మనం ముఖ్య అతిథిని పిలిస్తే ఏం జరుగుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. రెండు గంటలు ఆలస్యంగా వచ్చి, శాలువా కప్పించుకుని, "నాకు ఇంకో కార్యక్రమం ఉంది" అని వెళ్ళిపోతాడు. ఇది ఎవరినీ ఉద్దేశించి అనడం లేదు.

నేను విన్న మొదటి ఉపన్యాసమే మన తీరం గురించి. ఇది యాదృచ్ఛికం. వక్త పాత క్విల్టుల గుడ్డల మీద పరిశోధన చేసినామె. తెర మీద మొదటి బొమ్మగా భారతదేశం పటం వేసి, తూర్పు తీరం మీద కర్ర ఆనించి "కోరమాండల్" అంది. తరువాత "మసూలిపటం" అంది. నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల్లో మన మచిలీపట్నం, ఆ కింది రేవులనుంచి రంగుల అద్దకం గుడ్డలు ఓడలకెక్కి యూరప్‌కు వెళ్ళాయి. చెట్టు, పూలు, పిట్టలు వేసిన పెద్ద పలంపోర్లు మంచం మీద పరుచుకునేవారు. ఉతికినా రంగు పోని గుడ్డ వాళ్ళకు అప్పుడు ఆశ్చర్యం. అది ఎంత పాకిందంటే, అక్కడి నేతగాళ్ళ బతుకు పోతుందని 1686లో ఫ్రాన్సు నిషేధించింది, ఇంగ్లండు 1700లో ఒక చట్టం, చాలక 1721లో మరో చట్టం చేసింది. తరువాత ఈ గుడ్డ, దాన్ని చూసి వాళ్ళు అచ్చువేసుకున్న గుడ్డ అమెరికా వెళ్ళింది. ఖరీదైన గుడ్డ కనుక అందులోని పువ్వునూ పిట్టనూ చుట్టూ కత్తిరించి, మామూలు తెల్లగుడ్డ మీద అతికి కుట్టి క్విల్టులు చేశారు. దానికి వాళ్ళు చింట్జ్ అంటారు. మా నాయనమ్మ చీటిగుడ్డ అనేది. రెండూ ఒకటే మాట అని నాకు అరవై అయిదో ఏట నెబ్రాస్కాలో తెలిసింది. ప్రశ్నల సమయంలో లేచి, నేను ఆ తీరం వాణ్ణేనని, పెడనలో ఇప్పటికీ కలంకారీ అచ్చులు వేస్తున్నారని చెప్పాను. అందరూ వెనక్కి తిరిగి చూశారు. నా సర్వీసులో అంత గౌరవం దొరికిన సందర్భం లేదు.

ఇంకొకటి కూడా వివరంగా చెప్పాలి. అక్కడ ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. బానిసత్వం రోజుల్లో తప్పించుకుని ఉత్తరాదికి పారిపోయే నల్లవారికి, ఇళ్ళముందు ఆరేసిన క్విల్టుల మీది నమూనాలు రహస్య సంకేతాలుగా పనిచేశాయని. ఇటు తిరుగు, అటు దాక్కో, ఇప్పుడు బయలుదేరు అని. 1999లో వచ్చిన ఒక పుస్తకంతో ఇది దేశమంతా పాకింది, బడిపిల్లలకు పాఠం కూడా అయింది. వక్త ఒక చరిత్రకారిణి. ఆమె మెల్లగా, ఎక్కడా గొంతు పెంచకుండా, ఆ కాలపు కాగితాల్లో దీనికి ఆధారం లేదని చెప్పింది. తప్పించుకుని బయటపడినవారు తమ కథలు తామే రాసుకున్నారు, చెప్పి రాయించారు. వాటిలో ఈ సంకేతాల మాట లేదట. చెప్పే నమూనాల్లో కొన్ని ఆ కాలానికి ఉన్నట్టు కూడా రుజువు లేదట. హాలులో ఒకామె లేచింది. బడిపిల్లలతో కలిసి ఆ నమూనాల క్విల్టు తాను కుట్టానని, ఇప్పుడు వాళ్ళతో ఏమని చెప్పాలని అడిగింది. ఆమె కంఠం వణికింది. వక్త, "మీరు కుట్టిన క్విల్టు నిజమే. పిల్లలకు నేర్పిన ధైర్యం నిజమే. కథ కింద మాత్రం కథ అని రాయండి" అంది. నాకు మన జమాబందీ రోజులు గుర్తొచ్చాయి. ఊరంతా ఒక్క గొంతుతో ఈ పొలం ఫలానావాడిదే అంటుంది, అడంగలు తీస్తే ఇంకోలా ఉంటుంది. ఊరు అబద్ధమాడుతోందని కాదు, విన్నది చెబుతోంది. అలాంటప్పుడు మనుషుల్ని నొప్పించకుండా రికార్డు చదివే అధికారిని నా సర్వీసులో ఇద్దర్నే చూశాను.

అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే పల్లె గురించి ఒక ఉపన్యాసం జరిగింది. నది మూడువైపులా తిరిగిన ఊరు. అక్కడి నల్లవారిలో చాలామంది ఇంటిపేరు పెట్‌వే. అది పూర్వం వాళ్ళ పెద్దల్ని బానిసలుగా ఉంచుకున్న యజమాని ఇంటిపేరు. 1960ల్లో వాళ్ళు ఓటు నమోదుకు నది దాటి కౌంటీ ముఖ్యపట్టణానికి వెళ్ళడం మొదలుపెడితే, 1962లో పడవ సర్వీసు ఆగిపోయింది. మళ్ళీ వచ్చింది 2006లో. నలభై నాలుగేళ్ళు! ఈ ఊరి ఆడవాళ్ళు చలికి తట్టుకోవడానికి పాత పనిబట్టలతో కుట్టిన క్విల్టుల్ని 2002లో హ్యూస్టన్‌లో, తరువాత న్యూయార్కులో పెద్ద మ్యూజియంలలో చిత్రపటాల్లాగా గోడలకు పెట్టారు. 2006లో వాటి మీద పది రకాల తపాలా బిళ్ళలు వచ్చాయి. మా పక్కింటి పోస్టాఫీసావిడ ఆ బిళ్ళల షీటు ఇంటినుంచి తెచ్చి మాకు చూపించింది, తన కౌంటరు మీద తాను అమ్మినవి. వాటిలో సంగతి ఎలా ఉన్నా, తెర మీద చూపిన ఒక క్విల్టు మాత్రం నేను మరవలేదు. మిసూరీ పెట్‌వే అనే ఆమె 1942లో భర్త పోయాక, అతను పొలంలో వేసుకున్న ప్యాంట్లు, చొక్కాలు విప్పదీసి కుట్టింది. మోకాళ్ళ దగ్గర వెలిసిపోయిన రంగు అలాగే ఉంది. అతన్ని తలుచుకుంటూ దాని కింద పడుకోవడానికి. మా ఆవిడకు ఆ ఇంగ్లీషు అర్థం కాలేదు. బొమ్మ చూసి తనే, "మొగుడి బట్టలు గదూ?" అని నా చెవిలో అడిగింది.

పిండి సంచుల గుడ్డ మీద కూడా ఒక ఉపన్యాసం విన్నాం. 1930ల కరువులో అక్కడి రైతు ఆడవాళ్ళు కోళ్ళ దాణా, పిండి వచ్చే గుడ్డ సంచుల్ని బట్టలుగా, బొంతలుగా కుట్టుకుంటున్నారని తెలిసి కంపెనీలే సంచుల మీద పూలు అచ్చువేసి అమ్మాయట. మైదా సంచి నిక్కరు తొడుక్కుని బడికి వెళ్ళినవాళ్ళం మనలోనూ ఉన్నాం గాని, మన మైదా కంపెనీకి పూలు వేయాలన్న బుద్ధి పుట్టలేదు.

ఇలా ఉండగా 2019లో మళ్ళీ వెళ్ళాం. అక్టోబరు నెల వక్తకు మోకాలి ఆపరేషన్ వచ్చిపడి, రాలేనని పదిరోజుల ముందు ఉత్తరం రాసింది. వక్తల బాధ్యురాలు మా పక్కింటావిణ్ణి వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. మీరు మాట్లాడాలి అని మా ఆవిణ్ణి అడిగింది. మా ఆవిడ చదువు ఎనిమిదో తరగతి. ఇంతవరకు వేదిక ఎక్కింది మా పెళ్ళిలోనే. "నాకేం వచ్చు? ఈయన్ని అడగండి, ఈయన సూపరింటెండెంటుగా చేశారు" అంది. వాళ్ళు నన్ను అడగలేదు. పారితోషికం ఇస్తామంటే, విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళం, పుచ్చుకోకూడదని అల్లుడు చెప్పాడు. దాంతో ఆవిడకు కాస్త ధైర్యం వచ్చింది. "డబ్బు తీసుకోకపోతే తప్పు మాట్లాడినా పరవాలేదుగా" అంది.

నేను ఊరుకోలేదు. మన అలవాటు ప్రకారం నాలుగు పేజీల నోటు తయారుచేశాను. బెంగాలు కాంథా, కర్ణాటక కౌదీ, అక్కడి సిద్దీల బొంతలు, మన కలంకారీ, అన్నీ వరస క్రమంలో పెట్టాను. ఆవిడ ఒక పేజీ విని పక్కన పెట్టేసింది. "నేను కుట్టినదాని గురించి చెబుతాను. మీరు ఇంగ్లీషులోకి మార్చండి. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు" అంది.

ఆ రోజు మూడేళ్ళ మనవరాలి బొంతను ఇద్దరు ఆడవాళ్ళు తెల్ల తొడుగులతో ఎత్తి పట్టుకున్నారు. మా ఆవిడ మొదటి మాట: "ఏమండీ, పిల్ల ఉచ్చలు పోసిన బొంతకు తొడుగులెందుకు, తీసేయమనండి." నేను సందేహిస్తూనే చెప్పాను. హాలు ఘొల్లుమంది. తొడుగులు తీసేశారు. అక్కణ్ణుంచి ఆవిడకు భయం పోయింది. చీరలు ఎలా ఉతికి గంజి పోగొట్టాలో, తడిమీదే నేల మీద పరిచి నాలుగు మూలలా రాళ్ళు ఎందుకు పెట్టాలో, అంచులు ఎందుకు ముందుగా ఊడదీయాలో, ఆ అంచు దారమే పేనుకుని ఎలా వాడుకోవాలో, కుట్టు అంచునుంచి మొదలుపెట్టి లోపలికి ఎలా వెళ్ళాలో, దబ్బనం గుచ్చుకోకుండా వేలికి గుడ్డ ఎలా చుట్టుకోవాలో చేతులతో చూపిస్తూ చెప్పింది. ముందు వరసవాళ్ళు చీర అంచు దారం మాట రాసుకున్నారు. మధ్యలో ఆవిడ, "కొత్త గుడ్డ కొని, ముక్కలు చేసి, మళ్ళీ అతకడం ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు" అంది. అది నేను, మా ప్రాంతంలో వాడిన గుడ్డకే ప్రాధాన్యం అని మర్యాదగా మార్చాను. రెండో వరసనుంచి మా అమ్మాయి తెలుగులో, "నాన్నా, అమ్మ అన్నది అది కాదు" అంది. సరే, ఉన్నదున్నట్టు చెప్పాను. వాళ్ళు చప్పట్లు కొట్టారు. వాళ్ళ మొగుళ్ళు కూడా రోజూ ఇదే అడుగుతారట.

ప్రశ్నల్లో ఒకామె అడిగింది: "మీకు ఎవరు నేర్పారు? వారు కుట్టింది ఏదైనా ఉందా?"

మా ఆవిడ కొంచెంసేపు ఆగింది. తరువాత నావంక చూడకుండా హాలు వంక చూస్తూ చెప్పింది. మా అత్తయ్య నేర్పింది. మా పెళ్ళికి ఆవిడ ఒక బొంత కుట్టి ఇచ్చింది. ఎనిమిది పొరలది. ఆవిడ 1981లో పోయారు. 1985లో ఆఫీసులో పెద్దాయన ఎవరో ఇంటికి వస్తున్నారని మా ఆయన, పరువు పోతుంది, ఆ బొంత లోపల పడెయ్యమన్నారు. మర్నాడు రెండు కొత్త దుప్పట్లు తెచ్చారు. మరుసటేడు లోను పెట్టి స్కూటరు కొన్నారు. వానకు తడవకుండా దానిమీద కప్పడానికి ఆ బొంత తీశారు. రెండు వానాకాలాలు అది స్కూటరు మీద ఉంది. తరువాత చెత్తబండిలో వెళ్ళిపోయింది.

అనువాదంలో ఒక ఇబ్బంది ఉంది. ఆవిడ "నేను" అంటే నేనూ "నేను" అనాలి. అంటే ఆవిడ గొంతుతో నా సంగతి నేనే చెప్పాలి. "నా భర్త ఆ బొంతను స్కూటరు మీద కప్పాడు" అని ఇంగ్లీషులో అన్నాను. ఒక్క వాక్యం దాటేస్తే ఎవరికీ తెలియదు. కాని మా అమ్మాయి నా మొహంలోకే చూస్తోంది. 1985లో దానికి అయిదేళ్ళు. వాక్యం దాటకుండా చెత్తబండి దాకా చెప్పాను. వెనకనుంచి ఎవరో ముసలామె, వినబడక కాబోలు, "ఇప్పుడు ఆ భర్త ఎక్కడున్నాడు?" అని అడిగింది. "మీకు అనువదిస్తున్నాడు" అన్నాను. మొదట నవ్వారు. తరువాత నవ్వలేదు.

మా ఆవిడ ఇంకా ముగించలేదు. బొంత దగ్గరకు నడిచి, నడుమ ఉన్న ఒక ఎర్రముక్క మీద చెయ్యి పెట్టింది. జానెడు ఉంటుంది. చెత్తబండి వచ్చేలోగా కత్తెరతో కోసి పెట్టెలో దాచానని, ముప్పై ఏళ్ళు దాని సంగతి ఎవరికీ చెప్పలేదని, మనవరాలి బొంతలో పెట్టి కుట్టానని చెప్పింది. నాకు తెలియదు. హాలులో ఉన్నవాళ్ళకంటే ఒక్క క్షణం ముందు నాకు తెలిసింది, అంతే. నేను దాన్ని ఇంగ్లీషులో చెప్పవలసి వచ్చింది. చెప్పాను. ఎలా చెప్పానో గుర్తులేదు. 2016లో నెలరోజులు నా ఎదుటే కూర్చుని కుట్టింది. ఆ ముక్కను నేను చూసే ఉంటాను. మా అమ్మ కట్టుకున్న చీరాల చీర అని పోల్చుకోలేదు.

అయిపోయాక ఆడవాళ్ళు వరస కట్టారు. ఒకామె తల్లి కుట్టిన క్విల్టును సామాన్లు దించేవాళ్ళు పియానోకు చుట్టడానికి వాడారట. ఇంకొకామె భర్త కారు కింద పడుకుని ఆయిలు మార్చేటప్పుడు వేసుకున్నాడట. ఈ మాటలు చెబుతూ వాళ్ళు నావంక చూసిన చూపులో కోపం లేదు. పాత దోషిని చూసినట్టుంది, అంతే. మా ఆవిడకు పూలగుడ్డల మూట ఒకటి, అందరూ సంతకాలు చేసిన కార్డు ఒకటి ఇచ్చారు.

ఆ రాత్రి, ముప్పై ఏళ్ళు నాకెందుకు చెప్పలేదని అడిగాను. "చెబితే మళ్ళీ ఎక్కడ పారేయిస్తారోనని" అంది.

అదే గిల్డులో పాత క్విల్టులకు విలువ కట్టే ఒకామె ఉపన్యాసం కూడా విని ఉన్నాం. విలువ ఎంత అనే మాట పది నిమిషాల్లో ముగించి, మిగతా సేపంతా ఆమె ఒకటే చెప్పింది: వెనకవైపు ఒక చిన్న గుడ్డ కుట్టి, దాని మీద ఎవరు కుట్టారో, ఎక్కడో, ఏ ఏడో, ఎవరికోసమో రాయండి. వేల క్విల్టులు ఎవరు కుట్టారో తెలియకుండానే మిగిలాయి. అందుకే 1981లో కెంటకీ రాష్ట్రంలో మొదలుపెట్టి, తరువాత ఒక్కొక్క రాష్ట్రంలో, ఊరూరా బల్లలు వేసుకుని జనం ఇళ్ళనుంచి తెచ్చిన క్విల్టులకు కొలతలు తీసి, ఫొటో తీసి, ఫారం పూర్తిచేసి రికార్డు చేశారు. మనం చేసిన ఇళ్ళ లెక్కల లాంటిదే. బొంతకు కూడా అడంగలు ఉంటుందని నాకు అక్కడే తెలిసింది.

మనవరాలి బొంతకు గుడ్డముక్క నేను రాస్తానన్నాను. సిరా వెలిసిపోని కలం పక్కింటావిడ ఇచ్చింది. నేను కాలములు గీయబోతే మా ఆవిడ వద్దంది. తెలుగులోనే రాశాను. ఏడు దగ్గర తగువు వచ్చింది. పెళ్ళి 1976లో. అత్తయ్య అంతకు ముందు ఏడాదే మొదలుపెట్టారని ఆవిడ, కాదు పెళ్ళి చూపుల తరువాతేనని నేను. చివరికి 1975-76 అని ఆర్థిక సంవత్సరంలాగా రాశాను. మా అమ్మ పేరు రాస్తూ ఉండగా ఒకటి తట్టింది. మా పొలం పట్టాలో మా నాన్న పేరు. నా సర్వీసు రిజిస్టరులో తండ్రి పేరు కాలమే. మా అమ్మ పేరు ప్రభుత్వ కాగితం మీద నేను చూసింది ఓటర్ల జాబితాలో ఒక్కదాంట్లోనే, అదీ మా నాన్న పేరుకు ఆనుకుని. తాను చేసిన పని పక్కన ఆమె పేరు ఉన్నది ఒమాహాలో ఆ బొంత వెనక మాత్రమే.

ఇప్పుడు నా మనవి. వచ్చే నెల సమావేశంలో ముఖ్య అతిథి ఎవరూ లేరని కార్యదర్శిగారు బెంగపడుతున్నారు. అతిథి అక్కరలేదు. మీ ఇళ్ళల్లో అటకల మీద, మంచాల కింద, ట్రంకు పెట్టెల అడుగున ఉన్న బొంతలు తీసుకురండి. చిరిగినా సరే, సగమే మిగిలినా సరే. కుట్టినవారు ఉంటే వారిని తీసుకురండి, వారే మాట్లాడతారు. మనం పక్కన నిలబడి ఎత్తి పట్టుకుందాం. నేను ఒక ఫారం తయారుచేశాను, తొమ్మిది కాలములే. కుట్టినవారి పేరు, ఊరు, సుమారు ఏడు, ఏ బట్టలు, ఎవరివి, ఎవరికోసం, కొలతలు, ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది, రిమార్కులు. కాపీలు కోశాధికారిగారి దగ్గర ఉన్నాయి, వెళ్ళేటప్పుడు తలా ఒకటి తీసుకోండి. పేరు తెలియకపోతే ఆ గడి ఖాళీగా వదలకండి, ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి రండి. దయచేసి బొంతల్ని ఉతికి తీసుకురావద్దు, పాతగుడ్డ తడిస్తే చిరుగుతుంది. నీడన ఆరేసి దులిపితే చాలునని మా ఆవిడ చెప్పమంది.

సెలవు.